పసుపు రిబ్బన్ల దారి

ప్రియమైన అక్కకి,

ఈ ఉత్తరం నీకు అందించిన డ్రైవరన్నకి థాంక్స్ చెప్పు. మా గుడారంలో ఫోన్ సిగ్నల్ లేదు. ఆయన బస్సు ఆఖరి స్టాపు మా అడవి గేటే కాబట్టి బతికిపోయాను.

అక్కా, మన నగరాన్ని ఆనుకుని ఇంత అడవి ఉందని ఇన్నేళ్లూ మనకి ఎవడూ చెప్పలేదు. వరసలు గీసి నాటిన చెట్లు కావు. ఈ నేల తనంతట తాను కన్న చెట్లు. వాటి మధ్యనుంచి కొండమీదకి కాలిబాట వేస్తున్నాం. పైకెక్కితే నగరమంతా కనిపిస్తుంది, మీ డిపో రేకుల కప్పుతో సహా.

బాట ఎటు పోవాలో చెట్లకి పసుపు రిబ్బన్లు కట్టి, వాటి వెంట తవ్వుతాం. మేస్త్రీ నిటారుగా రెండొందల నలభై మెట్లు పెడదామన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ యాక్సిడెంట్ తర్వాత నీ మోకాలు వంగదు. మెట్టెక్కలేవు, వాలు మీదైతే నడవగలవు. "చుట్టు తిప్పి వాలుగా తీసుకెళ్దాం" అన్నాను.

"ఎవరికోసం ఈ యాగీ?" అన్నాడు.

"మెట్లెక్కలేనివాళ్లు అడవి చూడకూడదా?"

ఇంజినీరు వచ్చేలోగా నా దారి రిబ్బన్లతో కట్టి చూపించమన్నాడు. మూడు వారాలు. ఇంజినీరుకి నచ్చకపోతే మెట్లే.

ప్రారంభం రోజు నిన్ను పైదాకా నడిపిస్తాను. రాసిపెట్టుకో.

నీ మిరపకాయ


ప్రియమైన మిరపకాయకి,

టికెట్ కౌంటర్లో నీ ఉత్తరం చదువుతుంటే క్యూ ఆగిపోయింది. "పైకి చదవమ్మా, మాకూ కాలక్షేపం" అన్నాడు వెనకనుంచి ఒకాయన.

నాకోసం కొండతో పోట్లాడకు. మేస్త్రీతో అసలే వద్దు. దొరక్క దొరికిన పని. నాకేం, కుర్చీ ఉంది, ఫ్యాను ఉంది, నా బస్సు స్టీరింగ్ ఒక్కటే లేదు.

ఇంతకీ ఆదివారాలు అక్కడ ఎవరూ ఉండరా? ఊరికే అడుగుతున్నా.

వేళకి తిను.

నీ అక్క


ప్రియమైన అక్కకి,

కోపంలో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటే సర్దుకో. నా రిబ్బన్లు ఎవడో మారుస్తున్నాడు. పోయిన సోమవారం మూడు, నిన్న ఏడు. శనివారం మేం పని ఆపి వెళ్లాక వచ్చి, విప్పి, పక్క చెట్లకి కట్టి పోతున్నాడు.

మేస్త్రీ పనే. మొహం మీదే అడిగేశాను. "నీ రిబ్బన్లు ముట్టుకుంటే నాకేమొస్తుంది, పిచ్చిపిల్లా" అన్నాడు. నమ్మలేదు.

ఆ ముడి చూడాలి నువ్వు. మేం ఒక్క ముడేసి వదిలేస్తాం. వీడు రెండు చెవుల పువ్వు ముడి వేశాడు, చెట్టు బడికి బయల్దేరినట్టు.

పది రోజుల్లో ఇంజినీరు వస్తాడు. ఆ రిబ్బన్ల దొంగ దొరికితే ఉంది వాడి పని. ఈ ఆదివారం చెట్టు చాటున పార పట్టుకుని కూర్చుంటాను.

నీ మిరపకాయ


ప్రియమైన మిరపకాయకి,

పార కింద పెట్టు. ఆదివారం నిద్రపో.

రిబ్బన్లు మళ్లీ మార్చేముందు, అవి ఇప్పుడున్న దారిన ఒక్కసారి నడు. నీలా గెంతుతూ కాదు. చేతికర్ర పట్టుకుని, ఒక కాలు వంచకుండా. ఆ తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు తిట్టుకో.

వాగు దాటాక మట్టి జారుతుంది, చూసుకుని నడు.

నీ అక్క


ప్రియమైన అక్కకి,

గెలిచాం.

నువ్వు చెప్పినట్టే మోకాలికి అటూ ఇటూ చెక్కలు కట్టుకుని, కర్ర పట్టుకుని బయల్దేరాను. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. ముందు నా దారిన వెళ్లాను. మూడో మలుపు దగ్గర కూలబడ్డాను. తర్వాత మారిన రిబ్బన్ల వెంట వెళ్లాను. నడిచాను అక్కా, ఎక్కడా ఆగకుండా నడిచాను.

నీళ్లు నింపిన లెవెల్ పైపు పట్టి వాలు కొలిచాం. నాది పదడుగులకి రెండడుగులు లేస్తోంది. మార్చిన దారి ఒక్క అడుగే. పెద్ద చెట్ల వేళ్లు కూడా తప్పించాడు. నీకోసం అని ఊరంతా చాటి, నేను కొలిచింది నా కాళ్లతో. ఇరవై రెండేళ్ల కాళ్లతో. సిగ్గేసింది.

ఇంజినీరు మొత్తం నడిచి, "ఎవరు కట్టారు?" అన్నాడు. "మా పిల్ల" అన్నాడు మేస్త్రీ. "సగం నాది కాదు సార్" అన్నాను. మెట్లు రద్దయ్యాయి. మేస్త్రీకి క్షమాపణ చెప్పాను. రెండ్రోజులు నీళ్లు మోయించి క్షమించాడు.

వచ్చే నెల మొదటి ఆదివారం ప్రారంభం. నువ్వు రావాలి. ఆ రిబ్బన్ల మనిషి కూడా రావాలి. వాగు దగ్గర చెట్టుకి కాగితం కట్టాను, "ఎవరైనా సరే, ఒకసారి కనబడండి" అని.

నీ మిరపకాయ


ప్రియమైన మిరపకాయకి,

కాగితం చూశాను. చెట్టుకి మేకు కొట్టకుండా దారంతో కట్టావు, మంచి పని చేశావు.

కనబడమన్నావుగా. నేనే.

నీ మొదటి ఉత్తరం చదివాక వచ్చిన ఆదివారమే మొదటి బస్సెక్కాను. వాగు దాటగానే పడ్డాను. మళ్లీ వారం ఇంకాస్త పైకి వెళ్లాను. చెబితే నన్ను వీపు మీద మోసుకుపోతావు. పడితే నువ్వు చూడకుండా పడాలనుకున్నాను. నీ రిబ్బన్ దగ్గరికి నేను పోలేకపోయిన చోటల్లా, నా కాలు పోగలిగిన చోటికి రిబ్బన్నే తెచ్చుకున్నాను. అంతకు మించి తెలివేం లేదు.

పైదాకా వెళ్లలేదు. ఆఖరి మలుపు దగ్గర ఆగి దిగొచ్చాను. డిపో కప్పు నీ పక్కన నిలబడి చూస్తాను.

ఒక్కటే నా కోపం. ఎనిమిదేళ్లు రోజూ పొద్దున్నే నీ రెండు జడలకి వేసిన ముడి అది. దాన్ని పట్టుకుని "వీడు" అంటావటే?

ఆ ఆదివారం ముందు నేను నడుస్తాను. నువ్వు వెనక రా, గెంతకుండా.

నీ అక్క