అసిరమ్మ మత్తుమందు పీల్చనంటోంది

సింహాద్రీ, కట్నీ బండి డ్యూటీ దిగి ఇంటికొచ్చాక బూట్లు విప్పకు. తిన్నగా రైల్వే ఆసుపత్రికి రా. నూతి దగ్గర చేదతాడుకు కమ్మ చిక్కుకుని నీ పెళ్ళాం చెవి చీలిపోయింది. తెగిన ముక్క వేలాడుతోంది. పొద్దుగుంకేలోగా కుట్టకపోతే ఇక అతకదని డాక్టరు బాబు అంటున్నాడు. అసిరమ్మేమో మత్తుమందు పీల్చనంటోంది. దుప్పటి కోసం వచ్చి ఇది రాసి మళ్ళీ పరుగెడుతున్నాను.

తప్పు నాదే. భయం పోగొడదామని ఒక కథ చెప్పాను. మా ఊళ్ళో ఒకడు మత్తులో పడుకుని మూడేళ్ళకు లేచాడనీ, అప్పటికి వాడి గెడ్డం మంచంకోళ్ళకు చుట్టుకుందనీ అన్నాను. నవ్వుతుందనుకుంటే, "మూడేళ్ళు నేను తొంగుంటే మీ కొడుక్కి కూడెవులు ఒండుతారు మావా?" అని లేచి కూర్చుంది. అబద్ధమని ఒట్టేసినా ఇప్పుడు నమ్మడం లేదు. మా నాన్నవన్నీ కోతలేనని రోజూ విసుక్కుంటావు కదా, ఆ మాటే వచ్చి గట్టిగా చెప్పు. నీ మాటైతే నమ్ముతుంది.

నాన్న

కమ్మ దొరికింది, బియ్యం డబ్బాలో దాచాను. బరువుగా ఉంది, తీసేస్తానని కోడలుపిల్ల మొన్ననే అడిగింది. మీ అమ్మ కమ్మలు కదా, ఉంచుకోమని పట్టుబట్టింది నేనే. ఇది మాత్రం కథ కాదు నాయనా.