సేనాధిపతిగారికి వీపు రేకు

ఇనప గ్రిల్లులు, గేట్లు, షట్టర్లు చేసి బతికిన నేను, నా స్వార్జితమైన ఆస్తుల గురించి, నా తదనంతరం నావాళ్ళెవరూ ఒకరి జుట్టు ఒకరు పట్టుకోకుండా ఉండేందుకు, పూర్తి తెలివితో, స్థిరమైన మనసుతో, ఎవరి బలవంతమూ, ప్రలోభమూ, ప్రవచనమూ లేకుండా రాయించి సంతకం చేస్తున్న ఆఖరి వీలునామా ఇది. ఇంతకుముందు ఇలాంటిది ఏదైనా రాసి ఉంటే అది ఇందుమూలంగా రద్దు.

ప్రవచనం అన్న మాట వకీలుగారి నమూనాలో లేదు. నేనే పట్టుబట్టి చేర్పించాను. దానికి కారణం నా బావమరిది. అంటే చనిపోయిన నా భార్యకు తమ్ముడు, ప్రార్థనా సేన స్థాపకుడు, మా వీధంతా సేనాధిపతిగారని పిలిచే మనిషి. ఈ మధ్య ఆయన నా మంచం దగ్గరికి వచ్చి, నాకు మొండితనపు దురాత్మ పట్టిందనీ, అది వదిలేదాకా నా సంతకం చెల్లదనీ ప్రకటించి వెళ్ళాడు. డాక్టరుగారు మాత్రం నా కళ్ళలోకి టార్చి వేసి చూసి, ఈ రోజు ఏ వారమో, నా పిల్లలు ఏం చేస్తారో అడిగి, తెలివి భేషుగ్గా ఉందని సర్టిఫికెట్ ఇచ్చారు. దురాత్మ సంగతేమిటని అడిగితే ఆ పరీక్ష తమ ల్యాబులో చేయరన్నారు. సర్టిఫికెట్ దీనికి జతపరిచాను.

ఈ వీలునామా అమలు చేసే బాధ్యత నా కూతురిది. స్కూల్లో లెక్కలు చెబుతుంది. మేనమామ గొంతు పెంచితే తల వంచని మనిషి మా ఇంట్లో ఇప్పుడు ఆమె ఒక్కతే.

1. నేను కట్టించిన ఇంటిలో కింది భాగం కూతురికి, పై భాగం కొడుక్కి, దాన విక్రయాది సర్వహక్కులతో దఖలు పరుస్తున్నాను. మెట్లు ఉమ్మడి. మెట్ల కింద చెప్పుల స్టాండు ఎవరిదన్న వాదనను కోర్టుదాకా తీసుకెళ్ళరాదు.

నా పొడుగు నిచ్చెన కూడా కొడుక్కే. వాడు నిఘా కెమెరాలు అమ్ముతాడు, పనికొస్తుంది. నేను జనం కిటికీలకు ఊచలు బిగించాను, వాడు గోడలకు కళ్ళు బిగిస్తున్నాడు. మొత్తానికి పక్కవాళ్ళ భయం మీద అన్నం తిన్న కుటుంబం మాది. ఒకసారి గ్రిల్ వేయించుకున్నవాళ్ళు ఇంకాస్త మందం ఊచలు కావాలంటూ మళ్ళీ వచ్చేవారే కానీ, ఇప్పుడు హాయిగా నిద్రపడుతోందయ్యా అని చెప్పడానికి ఒక్కడూ రాలేదు. కొడుకు కెమెరాలైతే మరీను. అన్నీ చూస్తాయి, దేన్నీ ఆపవు. కాపుదల అంటే ఏమిటో వాళ్ళమ్మ ఒక సాయంత్రం చేసి చూపించింది. ఆ సాయంత్రం వాడు అక్కడ లేడు, హాస్టల్లో ఉన్నాడు. అందుకే కింద వివరంగా రాయిస్తున్నాను. చదివితే బాగుపడతాడు.

2. నా బావమరిది సేనాధిపతిగారికి, నేను నా చేతులతో చేసిన కవచం ఒక సెట్టు: శిరస్త్రాణం, ఛాతీకి మైమరువు, నడుముకు దట్టి, డాలు, ఖడ్గం.

ఇది ఎలా వచ్చిందో రాయాలి. అంతకుముందు బావమరిది బట్టల కొట్లో గుమాస్తా. దేవుడు తనను యుద్ధానికి పిలిచాడని చెప్పి మానేశాడు. నా వర్క్‌షాపు పక్కన నేను సామాను పెట్టుకునే షెడ్డుంటే, అక్క మొహం చూసి అడిగి తీసుకుని, అందులో ప్రార్థనా సేన పెట్టాడు. జనం బాగానే వచ్చారు. పంపులో నీళ్ళు రాకపోతే సాతాను, పిల్లాడు పరీక్ష తప్పితే సాతాను, ఫ్యాను కిర్రుమంటే సాతాను. ఫ్యాను మాత్రం నేను గ్రీజు పెడితే వదిలిపోయింది.

ఆ తర్వాత బైబిలు వాక్యంలో ఉన్న సర్వాంగ కవచాన్ని జనానికి కళ్ళారా చూపించాలని, "బావా, నిజం కవచం ఒకటి చేసిపెట్టు" అని నా వెంట పడ్డాడు. సరే, చేశాను. పలచని రేకు, పక్కన మడత బందులు. కత్తి అంచులు మొద్దుగా ఉంచాను, తన కాలే తెగ్గోసుకుంటాడని. వాక్యం చెప్పినవాటిలో సమాధానపు జోడు కూడా ఉంది, శాంతి పేరుతో కాళ్ళకు తొడుక్కునేది. దాన్ని మాత్రం ఆయన చేయమని అడగలేదు. రబ్బరు చెప్పులతోనే యుద్ధానికి దిగాడు. వీపు వైపు రేకు కూడా వద్దన్నాడు. "దేవుని సైనికుడు వెనక్కి తిరగడు బావా," అన్నాడు.

ఒక సాయంత్రం ప్రార్థన జరుగుతోంది. ఆయన కవచం తొడుక్కుని, మైకు నోటికి ఆనించి, అంధకార శక్తులను పేరుపేరునా సవాలు చేస్తున్నాడు. షట్టరు సగం దించి ఉంది. దాని కింద నుంచి ఒక అమ్మాయి దూరి లోపలికి వచ్చింది. మా వీధి చివర కాపురం ఉండే లారీ డ్రైవరు భార్య. పెదవి పగిలి ఉంది. కాళ్ళకు చెప్పులు లేవు. ఆడవాళ్ళ వైపు పరిగెత్తి, "అమ్మా, నన్ను పంపకండి, చంపేస్తాడు," అంది. వెనకే మొగుడు వచ్చాడు. చేతిలో ఇనప రాడ్డు. షట్టరును ఒక్క తన్ను తన్ని పైకి ఎత్తేశాడు.

సాతానుతో రోజూ పోరాడే సేన అప్పటికప్పుడు వెనక తలుపు వెతుక్కుంది. సేనాధిపతిగారు ఒక్క క్షణం నిలబడ్డ మాట నిజం. నిలబడి ఇలా అన్నాడు: "ఇది మొగుడూ పెళ్ళాల గొడవ. మన యుద్ధం ఇది కాదు. ఆ అమ్మాయిని బయటికి పంపించేయండి." మైకు ఇంకా నోటి దగ్గరే ఉంది. వీధి మొత్తం విన్నది. ఆ తర్వాత ఆయన బాప్తిస్మపు తొట్టిలోకి దిగి మోకాళ్ళ మీద నక్కాడు. ఆ రోజు దానిలో నీళ్ళు లేవు కనుక రేకు చప్పుడు గట్టిగానే వచ్చింది.

మా ఆవిడ లేచింది. నేను చివరి వరుసలో, కుర్చీల అవతల ఉన్నాను. ఆమె తొందరేమీ పడకుండా నడిచి వెళ్ళి, షట్టరు కింద ఆ ఖాళీలో నిలబడింది. చేతిలో ఏమీ లేదు.

"నాయనా, నీ భార్య లోపలే ఉంది. దాచానని అబద్ధం చెప్పను. బయటికి మాత్రం పంపను," అంది.

"తప్పుకో ముసలిదానా!"

"తప్పుకోను. నువ్వు రావాలంటే రా. ఆ రాడ్డు కింద పెట్టి రా."

వాడు కొట్టాడు. కుడి భుజం మీద. ఎముక విరిగిన చప్పుడు నేను కుర్చీల మీద నుంచి దూకుతూ విన్నాను. ఆమె ఎడమ చేత్తో షట్టరు చట్రం పట్టుకుని అక్కడే నిలబడింది. మొహం తెల్లగా పాలిపోయింది కానీ, చూపు వాడి మీద నుంచి కదల్లేదు. "ప్రభువా, వీడి చెయ్యి పట్టుకో" అంది, పక్కింటివాళ్ళను పిలిచినట్టు మామూలుగా. నేను వెళ్ళి పట్టుకునేసరికి వాడి చేతిలో రాడ్డు లేదు, కింద పడి ఉంది. ఎందుకు వదిలేశాడో నాకు తెలీదు. తర్వాత వాడే పోలీసులతో, ఆవిడ చూపు తట్టుకోలేకపోయానని చెప్పాడట. దాన్ని మీరేమంటారో మీ ఇష్టం. నాకు తెలిసిన పేరు ఒక్కటే ఉంది.

ఆసుపత్రిలో కట్టు కట్టాక, భయం వేయలేదా అని అడిగాను. "ఎందుకు వేయదండీ. దేవుడు ముందున్నాడు అనుకున్నాను. ఆయన ముందుంటే దెబ్బ తగలదని కాదు. తగిలినా నేను ఒక్కదాన్నే కాదని." మా ఇంట్లో జరిగిన ప్రసంగాల్లో ఇదే చిన్నది. నేను మర్చిపోనిది కూడా ఇదొక్కటే.

ఇక సేనాధిపతిగారు. తొట్టిలో నుంచి ఆయన్ను పైకి లాగడానికి మనుషులు కావలసి వచ్చారు, ఛాతీ రేకు వంగి ఇరుక్కుపోయింది. కోర్టులో సాక్ష్యం చెప్పమంటే, "నేను ఆ సమయంలో మోకాళ్ళ మీద ఉన్నాను, ఏమీ చూడలేదు" అన్నాడు. అబద్ధం కాదు. మా ఆవిడా ఆ అమ్మాయీ సాక్ష్యం చెప్పారు, వాడికి శిక్ష పడింది. అయితే కేసు ఇంకా తేలకముందే, ఆ సాయంత్రం తర్వాతి ఆదివారం నుంచే, ఆ విజయం సేనాధిపతిగారిదైపోయింది. తన ప్రార్థనకు దేవదూతలు దిగివచ్చారట. వాళ్ళ రెక్కల చప్పుడు కూడా విన్నాడట. అంతటితో ఊరుకున్నా క్షమించేవాణ్ణి. "కవచం తొడుక్కున్న నాకు గీత కూడా పడలేదు. మా అక్కకు ఎముక ఎందుకు విరిగింది? ఆమె విశ్వాసంలో చిల్లు ఉంది!" అని, ముందు వరుసలో కట్టుతో కూర్చున్న అక్క ఎదుటే బోధించాడు.

నేను లేచాను. మా ఆవిడ ఎడమ చేత్తో నా చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది. ఇంటికొచ్చాక నవ్వీ నవ్వీ కట్టు నొప్పి పెట్టించుకుని, "ఏమండీ, ఈసారి వాడికి వీపు వైపు రేకు కొట్టివ్వండి. వాడికి పనికొచ్చేది అదే," అంది.

ఆమె కోరిక తీర్చడం ఇన్నాళ్ళకు కుదిరింది. వంగిన రేకు సరిచేయమని ఆయన నా షాపులో వదిలేసి వెళ్ళిన కవచానికే ఈ మధ్య వీపు రేకు చేయించి అతికించాను. ముందు రేకు కంటే మందమైనది. సేనాధిపతిగారు దీన్ని సంతోషంగా స్వీకరించి వాడుకోవచ్చు. అమ్ముకునే హక్కు లేదు.

సాతాను లేడని నేను అనడం లేదు. ఉన్నాడు. ఆ సాయంత్రం చూశాను. రాడ్డు పట్టుకున్నవాడిలో కొంతే ఉన్నాడు. మిగతావాడు మైకులో మాట్లాడాడు.

3. నా వర్క్‌షాపు, వెల్డింగు మిషన్లు, కట్టరు, పనిముట్లు, బోర్డుతో సహా, అందరూ వెల్డింగమ్మ అని పిలిచే మనిషికి. ఆ రోజు షట్టరు కింద నుంచి దూరివచ్చిన అమ్మాయే ఈమె. కేసు తేలాక మా ఆవిడే చెయ్యి పట్టుకుని షాపుకు తీసుకొచ్చి, "దీనికి పని నేర్పండి. వంట పని అయితే ఎవరైనా ఇస్తారు," అంది. నేర్పాను. అతుకులో నన్ను మించిపోయింది. ఆడమనిషి వేసిన అతుకు నిలుస్తుందా బాబాయ్ అని ఒక కాంట్రాక్టరు నన్నడిగితే, "నువ్వే ఊగి చూడు" అని గేటు చూపించింది. పాపం, ఊగాడు. గేటు బాగానే ఉంది, ఆయన ప్యాంటు చిరిగింది.

"బయటి మనిషికి షాపెలా రాస్తావు నాన్నా?" అని కొడుకు అడిగాడు. అక్కడ కెమెరాల షోరూము పెట్టాలని వాడి ఆలోచన. వాడికి నా జవాబు: షట్టరు కింద నుంచి లోపలికి వచ్చాక ఆమె బయటి మనిషి కాదు. మీ అమ్మ భుజం ఇచ్చి తెచ్చుకున్న మనిషి. ఈ అంశం మీద ఎవరైనా దావా వేస్తే, మొదటి అంశంలో వాళ్ళ వాటా కూడా వెల్డింగమ్మకే చెందుతుంది. వకీలుగారు ఈ వాక్యం రాసేటప్పుడు చాలా ఆనందించారు.

4. ప్రార్థన జరిగే షెడ్డు, దాని స్థలం నావే. అయినా అక్కడికి వచ్చే జనంలో నిజంగా మోకరిల్లేవాళ్ళు ఉన్నారు, వాళ్ళను బయటికి నెట్టను. షెడ్డు వాళ్ళ ఉమ్మడి వాడకానికే ఉంచుతున్నాను, ఈ షరతులతో: ప్రార్థన వేళ తలుపుకు తాళం పడరాదు. ప్రాణభయంతో వచ్చినవాళ్ళను ఇంటి గొడవ అని చెప్పి పంపరాదు. మైకు ఆపరాదు, ముఖ్యంగా బోధించేవాళ్ళకు భయం వేసినప్పుడు. వీటిలో ఏది తప్పినా స్థలం వెల్డింగమ్మ స్వాధీనం చేసుకోవచ్చు.

5. నా కూతురికి విడిగా, అద్దం పక్క సొరుగులో ఉన్న చెక్క దువ్వెన. ఆ దెబ్బ తర్వాత మీ అమ్మ కుడి చెయ్యి భుజం దాటి లేవలేదు. తల నేనే దువ్వేవాణ్ణి, ఆమె పోయేదాకా. జడ నాకు ఎప్పుడూ సరిగ్గా కుదరలేదు. ఇనుము వంచిన చేతులు కదా, పాయలు గట్టిగా లాగేసేవి. ఒక్కరోజూ నొప్పి అనలేదు. "మీ వెల్డింగు బాగుంది, ఊడదు," అనేది. దువ్వెన పళ్ళ మధ్య ఆమె వెంట్రుకలు కొన్ని ఉన్నాయి. కడగవద్దు తల్లీ.

6. నా ఆఖరి గడియల గురించి. సాతాను చావు మంచం దగ్గరికి తప్పక వస్తాడనీ, నా ఆత్మ కోసం ఆఖరి యుద్ధం చేయాలనీ, సేనను డప్పులతో సహా నా గదిలో దించాలనీ సేనాధిపతిగారు ఏర్పాట్లు చేస్తున్నట్టు తెలిసింది. ఇందుమూలంగా నిషేధిస్తున్నాను. ఆయన రావచ్చు. వచ్చి కూర్చోవచ్చు. నా మీద నూనె పోయరాదు, నా తల పట్టుకుని ఊపరాదు. నిజంగా ప్రార్థించాలనిపిస్తే తన కోసం ప్రార్థించుకోవచ్చు. నాకూ సంతోషమే, వాళ్ళక్క కూడా చివరిదాకా దేవుణ్ణి వాడి కోసమే అడిగింది.

నేను చేసిన తాళాలు, ఊచలు ఎంత గట్టివో నాకు తెలుసు. అన్నీ తుప్పు పడతాయి. ఇప్పుడు నేను చేరబోతున్న చేతులకు కాపలా అక్కర్లేదు. కాబట్టి ఎవరూ నా చుట్టూ చేరి యుద్ధం చేయవద్దు. కూతురు పక్కన ఉంటే చాలు. వెల్డింగమ్మకు పాట వచ్చు, మెల్లగా పాడితే వింటాను. గదిలో పిల్లాడు నిద్రపోతుంటే పెద్దవాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు కదా, అలాగే ఉండండి.

పై సంగతులన్నీ చదివించుకుని విని, సరేనని, ఈ సంవత్సరం వానాకాలం మొదలైన నెలలో రెండో సోమవారం ఉదయం, మా ఇంటి ముందు గదిలో సంతకం చేస్తున్నాను.

సంతకం:
గ్రిల్లుల షాపు పెద్దాయన

సాక్షులు:
పై పెద్దాయన మా ఎదుట, పూర్తి స్పృహలో, మధ్యమధ్య నవ్వుతూ, అయిదో అంశం మాత్రం ఇంకోసారి చదివించుకుని, ఈ వీలునామా మీద సంతకం చేశాడని ధ్రువీకరిస్తున్నాము.

ఎదురింటి మందుల షాపు యజమాని
వీధి మొదట్లో బట్టలు ఇస్త్రీ చేసే ఆమె (ఆ రోజు మైకులో మాటలు విన్నదాన్ని)