అయిదు ముడుల పాఠం

హుకుంపేట మన్యం,
1923 నవంబరు 14, బుధవారం.

మా సత్యకుమారికి కొండ మీది నుంచి నాన్న దీవెనలు. దేవుని దయవల్ల నేనూ, నా రెండు మోకాళ్లూ, బడి ముందు కట్టేసిన మేకా క్షేమంగానే ఉన్నాం. భీమునిపట్నంలో నువ్వూ, మీ బోర్డింగు పిల్లలూ కుదురుగా ఉన్నారని తలుస్తాను. కుదురు లేనిది ఇక్కడే. ఈ నాలుగు ముక్కలూ రాసేలోపు మూడుసార్లు లేచి వాకిట్లోకి వెళ్లి రోడ్డు చూసి వచ్చాను. అక్షరాలు వంకరపోతే అందుకని అనుకో.

నువ్వడిగినవాటికి ముందు జవాబు చెప్పేస్తాను. రగ్గు చేరింది. నువ్వు పంపిన నూనె పూస్తున్నాను. మోకాళ్ల మాట ఏమోగాని, ఆ వాసనకి ఊరకుక్కలు నా దగ్గరికి రావడం మానేశాయి. పితూరీ ఇటు వచ్చిందా అన్నావు. ఆ తిరుగుబాటంతా కొయ్యూరు వైపే ఉంది. ఇటు వచ్చినవాళ్లు పోలీసులు. బడికి కోసెడు దూరంలో రోడ్డు మీద డేరాలు వేశారు. నలుగురు కొండవాళ్లు కలిసి నడిస్తే చాలు, ఆపి మూటలు విప్పిస్తున్నారు.

ఇక నీ పెద్ద ప్రశ్న. "ఐరోపా ఓడల పాఠం దాకా వచ్చావు కదా నాన్నా, పిల్లల చేత సంవత్సరాలు వల్లె వేయించకు. ఒకటి జరిగితే రెండోది ఎందుకు జరిగిందో వాళ్లే కలిపి చెప్పాలి" అని రాశావు. నువ్వు ట్రైనింగు అయినదానివి. నేను ముప్పై ఏళ్లు మిషను వాళ్ల పుస్తకాల మూట మోసి, అమ్ముడుపోయేలోపు చదువుకున్నవాణ్ణి. మంచి పుస్తకాలు తొందరగా అమ్ముడుపోయేవి, అందుచేత వాటి చివర్లు నాకు తెలియవు. అయినా నీ మాట నచ్చింది, చేసి చూద్దామనుకున్నాను.

తురకలు కాన్‌స్టాంటినోపిల్ పట్టుకున్నారు, మిరియాల బేరం కష్టమైంది అని చెప్తే పిల్లలు మేకని చూస్తూ కూర్చున్నారు. అప్పుడు, "వానల్లో ఘాటీ దారి కూలిపోతే సంతలో ఉప్పు ఏమవుతుంది?" అన్నాను. "పిరియమవుద్ది" అన్నారు అందరూ. "అప్పుడేం చేస్తారు?" "మరో దారి సూత్తారు." అంతే తల్లీ, పోర్చుగీసువాళ్లు బయల్దేరారు. ఆఫ్రికా కొస దాకా ఒకడు వెళ్లి వెనక్కి వచ్చాడు. కొలంబసు కొండకి అటుపక్క దిగి అదే మన సంత అనుకున్నాడు. గామా అసలు సంతకి, మన పడమటి తీరం కళ్లికోటకి, వచ్చాడు. మెజెల్లను దారిలోనే పోయినా ఆయన ఓడ ఒకటి భూమి చుట్టూ తిరిగి ఇల్లు చేరింది.

సోములమ్మ అని పన్నెండేళ్ల గుంట ఉంది మా బడిలో, గాసి అనే కొండరైతు కూతురు. లేచి నిలబడి, "ఆ గామా మిరియాలు కొనీసి ఎలిపోనాడా, ఇక్కడే ఉండిపోనాడా పంతులూ?" అంది. దానికి జవాబు పుస్తకం రెండో భాగంలో ఉంటుంది, మన దగ్గర మొదటి భాగమే ఉందన్నాను. పిల్ల నమ్మలేదు.

అయిదు సంగతులు గుర్తుండాలని ఓ తాడు తీసి అయిదు ముళ్లు వేశాను. పదేళ్లకి జానెడు ఎడం. మొదటి ముడికీ రెండోదానికీ మూడున్నర జానలు, ఆ తర్వాత రెండూ దగ్గరదగ్గరగా, ఆఖరిది మళ్లీ ఎడంగా. ఒక్కో పిల్లా ముడి పట్టుకుని, "ఇది ఎందుకు జరిగిందంటే" అని వెనకముడికి వెళ్లి చెప్పేది. ఇన్నేళ్లలో అంత బాగా నేనెప్పుడూ చెప్పలేదు. బడి వదిలాక, "ఇంటికాడ సదువుకుంతాను" అని సోములమ్మ తాడు అడిగింది. ఇచ్చాను. అది పోయిన గురువారం.

ఇక్కడి ఆనవాయితీ నీకు తెలియదు కదా. ఈ కొండల్లో పెళ్లికో పండగకో పిలవాలంటే ముళ్లేసిన తాడు పంపుతారు. అందుకున్నవాడు రోజుకో ముడి విప్పుతాడు. ఆఖరి ముడి రోజు బయల్దేరతాడు. నాకు తెలుసు. ఎన్నిసార్లు చూశానో. ఆ పూట గామాని తలకెక్కించుకుని మర్చిపోయాను.

గాసి ఇంటి గుంజకి తాడు చూసి, "ఎవులు పంపినారే?" అని అడిగాడట. "పంతులు" అంది గుంట, నిద్రమత్తులో. తెల్లారి అది అమ్మమ్మతో చోడి చేను కాపలాకి పోయి నిన్న సాయంత్రం దాకా రాలేదు. ఇక్కడ గాసి రోజుకో ముడి విప్పాడు. పంతులు పిలిచాడు, చిన్న విషయం కాదని అన్నదమ్ములకి కబురు పెట్టాడు. నిన్న పొద్దున్న ఆరుగురు తలలకి నూనె రాసుకుని, విల్లులు భుజానేసుకుని, నాకోసం ఓ కోడీ, కుండెడు జీలుగు కల్లూ పట్టుకుని బడికి బయల్దేరారు. ఆఖరి ముడి నా గుమ్మంలో విప్పాలని గాసి తాడు మొలకి చుట్టుకున్నాడు.

డేరాల దగ్గర ఆపారు. ఆరు విల్లులు, ఒక ముడి మిగిలిన తాడు. పితూరీదారుల పిలుపు అన్నారు. అయిదుగుర్ని తన్ని తరిమారు, గాసిని కట్టేశారు. కోడీ కల్లూ డేరాల్లోనే ఆగిపోయాయి.

ఇంతదాకా నవ్వుతున్నట్టు రాసుకొచ్చాను. ఇక రాయబోయేదానికే ఇందాకటి నుంచి లేస్తూ కూర్చుంటూ ఉన్నాను.

నిన్న మధ్యాహ్నం జమేదారు గాసిని బడికి నడిపించుకొచ్చాడు. సోములమ్మ తప్ప పిల్లలంతా ఉన్నారు. తాడు బల్ల మీద పడేసి, "ఏటి పంతులూ, ఇది నువ్వు పంపేవంటన్నాడు ఈడు. నిజమేనా?" అన్నాడు.

ఒక్క మాట చెప్తే సరిపోయేది. నేనేమన్నానో తెలుసా? "తాళ్లతో నాకేం పని బాబూ, నేను పుస్తకాల మనిషిని" అన్నాను.

"నానూ అదే అన్నాను. అబద్ధాలకోరు నా కొడుకు" అని జమేదారు గాసి మెడ మీద ఒకటి వేశాడు.

గాసి నా వైపు చూశాడు. కోపం లేదమ్మా. "పోన్లే బాబూ, పంతులు పెద్దోడయిపోనాడు, మరిసిపోనాడు" అన్నాడు, నన్ను తప్పించడానికి.

నా తండ్రికి సర్టిఫికెట్టు లేదు, నడతకి నేను పూచీ అని నువ్వు మిషను దొరగారికి సంతకం పెట్టి ఇచ్చాకే ఈ బడి నాకిచ్చారు. ఆ సంతకం చెడుతుందనే అలా అన్నానని రాత్రంతా నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. జమేదారు బెల్టు చూసి భయపడ్డాను. నీ సంతకం తర్వాత గుర్తొచ్చింది.

ఇవాళ పొద్దున్న బడికి ఎవరూ రాలేదు, సోములమ్మ తప్ప. చాప పరుచుకుని తన చోటే కూర్చుంది. నేనూ కూర్చున్నాను. పాఠం అప్పజెప్పినట్టే మొదలుపెట్టింది.

"నువ్వు తాడుకి ముళ్లేసినావు. నాను అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. అయ్య సూసి విందనుకున్నాడు. పోలీసోలు సూసి పితూరీ అనుకున్నారు. నువ్వు ఎరగనన్నావు. రేపు అయ్యని పల్లంలో జైలుకి దింపేత్తారట." వేళ్లు ముడిచి లెక్కపెట్టింది. "తరవాత ముడి ఏటి పంతులూ?"

నేను సుద్దముక్క చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను.

"తాడు నాదని నాను పోయి సెప్పనా?" అంది.

"నువ్వొద్దు" అన్నాను. అప్పుడే నల్లబల్ల మీద తారీకు తుడిచేసి, ఈ కాగితం తీశాను.

అమ్మా, డేరాలకి వెళ్తున్నాను. ఆ పాఠ్యపుస్తకం, కొత్త తాడు ఒకటి పట్టుకెళ్తాను. ఎవరైనా పెద్ద ఆఫీసరు ఉంటే కాన్‌స్టాంటినోపిల్ దగ్గర్నుంచి మొదలుపెట్టి జానలు కొలిచి చూపిస్తాను. నమ్మితే గాసి ఇంటికి వస్తాడు. నమ్మకపోతే అతని పక్కన నేనూ ఉంటాను. అప్పుడైనా అతను అబద్ధం ఆడలేదని తేలుతుంది. ముసలివాడు నిన్న ఒకలా, ఇవాళ ఇంకోలా చెప్తున్నాడంటారు. అననీ. అన్నది నిజమే కదా.

నువ్వు ఈ ఉత్తరం అందిన పూటే దొరగారికి రాసెయ్యి, నా తండ్రి విషయంలో ఇచ్చిన పూచీ వెనక్కి తీసుకుంటున్నానని. పోలీసుల కాగితం కంటే నీ కాగితం ముందు చేరాలి. నాకు కష్టం కలుగుతుందని ఆగకు. బడి తాళం ప్రార్థనకి వచ్చే వరమ్మకి ఇచ్చాను. మేక కూడా ఆమెదే ఇక.

ఇంకా రాయాలనే ఉంది గాని, సోములమ్మ మెట్టు మీద కూర్చుని నిమిషానికోసారి తొంగిచూస్తోంది. రావద్దన్నాను, వినలేదు. "రాసింది సాలు, బేగి రా పంతులూ" అంటోంది.

ఇట్లు,
నిన్న చెప్పవలసింది ఇవాళ చెప్పబోతున్న
మీ నాన్న,
సువార్తరావు