కామందు సావిడి

అమ్మా సువార్తా,

మనకు ఇల్లొచ్చింది తల్లీ, ఇల్లొచ్చింది. కాలనీలో సర్కారువారు స్థలమిచ్చి, కట్టుకోవడానికి సాయం కూడా చేశారు. కామందు దొడ్లో గుడిసెకి అద్దె కింద ఆయన పశువుల సావిడి ఊడ్చే ఖర్మ తీరింది. ఒళ్లు కాలిపోతున్నా నీచేత ఊడ్పించారు. ఆ వారమే నువ్వు పోయావు.

నిన్న తెల్లారగానే మీ అమ్మ అలవాటుకొద్దీ అక్కడికే వెళ్లింది. పరుగున పోయి చేతిలో చీపురు లాక్కున్నాను.

"సర్కారు మీకు ఇళ్లిస్తే మా సావిడి ఎవడు ఊడుస్తాడ్రా?" అన్నాడు కామందు.

"ఆయ్, చీపురు ఇక్కడే పెట్టేనండి. అబ్బాయిగారు ఖాళీయే కదండీ" అన్నాను.

వాడి మొహం కందగడ్డయింది. నా కడుపు నిండిపోయిందమ్మా.

ఈరోజు ఎండ మంచం మీదికొచ్చింది. మీ అమ్మ ఇంకా నిద్రపోతూనే ఉంది. నేను పక్కన కూర్చుని చూస్తున్నాను.

మీ నాన్న