శవం మీది బంగాళదుంప

పట్టణ గ్రంథాలయం,
ఉత్తర మెయిన్ రాష్ట్రం, అమెరికా.

గౌరవనీయులైన లియాండ్ర్ సీర్ గారికి,

నమస్కారం. ఈ ఉదయం మా లైబ్రరీ మెట్ల మీది మంచులో లోపలికి వచ్చిన అడుగులు కనిపించాయి. బయటికి వెళ్ళినవి లేవు. కాసేపు భయపడ్డాను. తీరా చూస్తే అవి నా బూట్లవే. ఇన్నేళ్ళు పోలీసుగా చేసిన మీకైతే అంతసేపు పట్టేది కాదు.

మీ తుంటి ఎముక అతుక్కునేదాకా టపాలో పంపే పుస్తకాల సంచీలో ఈసారి మీరడగని డీవీడీ ఒకటి పెట్టాను. 'దుంపల కొట్టులో హత్య'. మన లోయలోనే తీసిన డిటెక్టివ్ హాస్యచిత్రం. అప్పట్లో ఆడలేదు, ఇప్పుడు ఎవరూ తీసుకెళ్ళరు. ఈ చలికాలంలో నలుగురైనా చూడకపోతే అరలోంచి తీసేస్తారు. దయచేసి చూడండి.

విధేయురాలు,
ఓడీల్ మిషో

తా.క.: డిటెక్టివ్ సగం సినిమా తన టోపీ కోసం వెతుకుతాడు. అది అతని నెత్తి మీదే ఉంటుంది.

*

అమ్మాయ్ ఓడీల్,

చూశాను. ఆ డిటెక్టివ్‌ని మా స్టేషన్ ఊడవడానికి కూడా పెట్టుకోను. హత్య జరిగిన చోట నిలబడి అట్లు తింటాడా? అదీ సాక్ష్యం మీద తీపి పాకం కార్చుకుంటూ!

మన లోయలోనే తీశారన్నావు కాబట్టి ఇది జరిగిన కేసే అయి ఉండాలి. అసలు సంగతి విను. దుంపల గుట్టలో దొరికిన శవం పొట్ట మీద ఒక దుంప ఉంది. అది లేస్తోంది, దిగుతోంది. వాడు బతికే ఉన్నాడు! హత్యా లేదు, ఏమీ లేదు. బీమా కోసం మొగుడూ పెళ్ళాలు ఆడిన నాటకం.

లియాండ్ర్ సీర్

తా.క.: కళ్ళజోడు కనబడక అక్షరాలు వంకరపోయాయి. నుదుటి మీదే ఉందని మా చెల్లెలు ఇప్పుడే చెప్పింది. నవ్వకు.

*

గౌరవనీయులైన సీర్ గారికి,

అది కట్టుకథ. నటించే మనిషి ఊపిరి తీసుకున్నాడు, అంతే. కేసు మూసేయమని మనవి.

విధేయురాలు,
ఓడీల్

తా.క.: ఆ దుంపను గమనించింది మీరొక్కరే.

*

ఓడీల్,

మూసేస్తే ఎలా? మా చెల్లెలు అల్ఫోన్సీన్‌కి చూపించాను. "ఊరుకో అన్నయ్యా, చచ్చినవాడికి మాత్రం కాస్త గాలి వద్దూ?" అంది. ఆదివారం చర్చి ఫాదర్ వచ్చి చూశారు. "దీన్ని అద్భుతం అని మాత్రం ఊళ్ళో చెప్పకు లియాండ్ర్, రోమ్‌లో పోప్‌గారికి జవాబు చెప్పుకోలేను" అన్నారు. పక్కింటి వాళ్ళు దుంప దగ్గర ఆపి, వెనక్కి తిప్పి, మళ్ళీ చూశారు. అందరూ పడీ పడీ నవ్వారు, నేను తప్ప. ఇప్పుడు వాళ్ళ చుట్టాలకీ కావాలట. నీకు ఫోన్లు వస్తాయి, కాచుకో.

ఒక్క మాట. శవం సంగతి ఎత్తగానే నీ ఉత్తరం పొట్టిదైపోయింది. అలా మాట తగ్గించేవాళ్ళను చాలామందిని చూశాను. వాడెవడో నీకు తెలుసు. చెప్పు, అరెస్టు చెయ్యను.

లియాండ్ర్

తా.క.: మళ్ళీ చూస్తే నాకూ నవ్వొచ్చింది. అల్ఫోన్సీన్‌కి చెప్పకు.

*

గౌరవనీయులైన సీర్ గారికి,

నమస్కారం. ఫోన్లు వస్తూనే ఉన్నాయి. డీవీడీ అరలోంచి తీయరు. తీసేస్తే నేనే ఇంటికి తెచ్చుకునేదాన్ని. కానీ దాన్ని నేనొక్కదాన్నే చూడటం నాకిష్టం లేదు.

మీ అనుమానం నిజమే, ఆ మనిషి నాకు తెలుసు. దుంపలు పండించేవాడు. కోతల రోజులవి. కదలకుండా పడుకోగలవా అని సినిమావాళ్ళు అడిగితే, పడుకుని నిజంగానే నిద్రపోయాడు. అందుకే ఆ దుంప అంత నిదానంగా లేచి దిగుతుంది. మరుసటి ఏడు కోతలకు అతను లేడు. కాబట్టి అరెస్టు కుదరదు.

ఈసారి సంచీలో మీరడిగిన పుస్తకాలే పెట్టాను. తుంటి జాగ్రత్త.

మీ
ఓడీల్

తా.క.: ఇంట్లో ఫొటోలు చాలానే ఉన్నాయి. కానీ మా నాన్న ఊపిరి తీసుకుంటూ కనిపించేది అక్కడొక్కచోటే.