మైకు ముందు సుద్ద గీత

కరీంనగర్,
11 మార్చి 1993

బాలలక్ష్మీ,

నువ్వు పాఠాలు చెప్పే ఖానాపూర్ బడిలో పిల్లలకు పరీక్షలని తెలుసు. అయినా ఈ ఉత్తరం తీరిగ్గా చదువు. ఈ సంగతి నీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను.

ఉపేందర్‌రావు సార్ స్టూడియోకు ఇరవై ఏళ్లు నిండాయని జిల్లాలోని రాక్ బృందాల వాళ్ళమంతా కలిసి ఒక పాట రికార్డు చేస్తున్నామని చెప్పాను కదా. స్టూడియో అంటే పాత బియ్యం గోదామే. గోడల నిండా గోనెసంచులు, నడుమ ఒకే మైకు. అక్కడ పాట నిలబడ్డదంటే జిల్లాలో పేరు నిలబడ్డట్టే. పొద్దున్నే సార్ సుద్దముక్క పట్టుకుని, అందరి వాయింపూ విని, ఎవరి గీత వాళ్ళకు నేల మీద గీస్తాడు. గిటార్ స్పీకర్ పెట్టెను ఆ గీత మీదే పెట్టాలి. తర్వాత ఆయన అద్దాల గదిలోకి పోయి కూర్చుంటాడు. గోనెసంచుల అడ్డం వల్ల అక్కడి నుంచి నేల కనబడదు. గీత అక్కడే ఎందుకో సార్ చెప్పడు, మేము అడగము. కానీ మాలో మాకు ఒక లెక్కుంది. మైకుకు ఎంత దగ్గరైతే అంత పెద్ద వాయిద్యగాడు.

ఈసారి అందరికంటే దగ్గర గీత రామచంద్రానికి పడింది. నాది తలుపు దగ్గర. వాడి చేత మొదటిసారి తీగ మీద వేలు పెట్టించింది నేను. పెద్దపల్లిలో మన ఇంటి అరుగు మీద, నువ్వు చేసిన సర్వపిండి తింటూ నేర్చుకున్నాడు. ఇప్పుడు సార్ వాడి భుజం మీద చెయ్యి వేసి మాట్లాడుతుంటే చూడలేక తలుపు బయటికి పోయి నిలబడ్డాను. ఓర్వలేనితనం అంటావు, అను. పదేళ్లుగా ఉంది, నీ దగ్గర దాచాను. వాడి పాట వస్తుండగా మన రేడియో ఆగింది చూడు, అది కరెంటు పోయి కాదు. నేనే వైరు పీకాను.

నిన్న అందరూ అన్నానికి పోయినప్పుడు నేను వెనకబడ్డాను. వాడి గీత తుడిచి తలుపు దగ్గర గీశాను. నాది మైకు ముందుకు తెచ్చుకున్నాను. పెట్టెలూ జరిపాను. సారే మార్చాడనుకుని ఎవరూ అడగలేదు. పాట అయ్యాక వింటే అంతా నా గిటారే. తప్పేనని నాకూ తెలుసు. కానీ సంతోషంగా ఉంది.

నీ రాజం


కరీంనగర్,
14 మార్చి 1993

బాలలక్ష్మీ,

నీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. మొన్నటి ఉత్తరం చించకు. నేనెప్పుడైనా ఎగిరిపడితే నా ముఖాన చదువు.

నిన్న పొద్దున రామచంద్రం ఇక్కడి నా గదికి వచ్చాడు. తన గిటార్ నా మంచం మీద పెట్టి, "ఇగ గిది నువ్వే ఉంచుకో అన్నా. నా చెయ్యి అయిపోయింది" అన్నాడు.

నిరుడు స్కూటర్ మీది నుంచి పడ్డప్పుడు వాడి ఎడమచేతిలో రెండు వేళ్ళకు పట్టు తప్పిందట. సార్‌కు తప్ప ఎవరికీ చెప్పలేదట. తీగ గట్టిగా నొక్కలేడు, మోత సన్నం. పెట్టె సౌండ్ పెంచితే గరగర తప్ప పాట రాదు. అందుకే వాడికి దగ్గర గీత. సన్నగా పలికేవాణ్ణి దగ్గర, గట్టిగా పలికేవాణ్ణి దూరం పెట్టడమే ఇరవై ఏళ్లుగా సార్ పద్ధతట. మేము దాన్ని పెద్దపీట అనుకుని కొట్టుకు చచ్చాము.

"సార్ నా గీత తలుపు కాడికి జరిపినప్పుడే అనుమానం వచ్చింది. పాటల నాది ఒక్క తీగ గూడ వినవడలే. సార్ ఏమనలే, తల వంచుకున్నడు. నాకు సమజైంది" అని లేచిపోయాడు.

వాడు సందు దాటేదాకా మంచం మీది గిటార్‌నే చూస్తూ కూర్చున్నాను. తర్వాత చెప్పుల్లేకుండా ఉరికాను. చాయ్ హోటల్ ముందు పట్టుకుని, గీతలు మార్చింది నేనేనని చెప్పాను. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననుకున్నాను.

వాడు ఎడమచేతి వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ కాసేపు చూసుకున్నాడు.

"అయితె నా చెయ్యి మంచిగనే ఉన్నదా అన్నా?" అన్నాడు.

అంతే. నన్ను ఒక్క మాట అనలేదు. నడిరోడ్డు మీద ఏడ్చాను. సాయంత్రం పోయి సార్‌కూ చెప్పాను. వచ్చే ఆదివారం మళ్ళీ వాయిస్తాం.

నీకు అబద్ధం చెప్పను, బాలలక్ష్మీ. వాడు ఆ మాట అడిగినప్పుడు కూడా నాకు వాడి మీద అసూయే కలిగింది. వాడి చోట నేనుంటే ముందు గీతలు మార్చినవాడి గొంతు పట్టుకునేవాణ్ణి.

నీ రాజం