అన్ని వైపులా తిప్పిన ముఖం

చీరాల,
12-3-2025.

చిరంజీవి భానుశ్రీకి,

నీ తోటికోడలు సాయిలక్ష్మి దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం క్షేమమని రాయడానికి చెయ్యి రావడం లేదు. మంగళగిరిలో మీ అమ్మ దగ్గర నువ్వు కాస్త అన్నమైనా తింటున్నావని అనుకుంటున్నాను. ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్‌లో నా ముఖం కనిపించినా, గొంతు వినిపించినా అది నేనేనని ఇప్పుడెవరు చెప్పగలరు? కోడి కెలికినట్టుండే నా రాత నీకు తెలుసు, అందుకే కాగితం పట్టాను.

నువ్వు వెళ్లి పదకొండు రోజులైంది. ఆ పాడు వీడియో ఇంకా తిరుగుతూనే ఉంది. పాలు పోసే ఆమె నా వైపు చూడకుండా పోసి వెళ్లిపోతోంది. మిర్చి అమ్ముకోగానే పెళ్లి చీరలకు వస్తామన్న పర్చూరు వాళ్లు ఫోనే ఎత్తడం లేదు. మీ ఆయన అశోక్ మగ్గం గుంటలో కూర్చుంటున్నాడు కానీ నేత సాగడం లేదు. అది అబద్ధమని తెలిసినా కళ్లు మూసుకుంటే అదే కనిపిస్తోందని నాతో అన్నాడు. మరిది మీద ఒళ్లు మండింది, భయమూ వేసింది. తెలిసినవాడే ఇలా అయిపోతే తెలియనివాళ్ల మాటేమిటి?

మనిషంటే అత్తయ్యే. నేను వద్దంటున్నా కళ్లజోడు పెట్టుకుని ఆ వీడియో మొత్తం చూసింది.

"ముఖం మన పిల్లదే. చేతులు కాదు. పోగులతికే పిల్లకి అంతంత గోళ్లుంటాయటే?" అంది.

పడుగు పోగులు వేలికొసలతో మెలిపెట్టి అతికేవాళ్లు గోళ్లు పెంచరని నేతవాళ్లందరికీ తెలుసు. అత్తయ్య ఇల్లిల్లూ తిరిగి చెబితే అందరూ తలూపారు. గోళ్లు చూస్తామనే వంకతో కొందరు ఆ వీడియో మళ్లీ చూశారు.

నిన్న సైబర్ పోలీసులు అశోక్‌ను పిలిచారు. ఇంత బాగా అతకాలంటే నీ ముఖం దగ్గరగా, అన్ని వైపుల నుంచీ తీసిన వీడియో వాళ్లకు దొరికి ఉండాలన్నారట. అలాంటిది ఎవరికీ ఇవ్వలేదని నువ్వు రాసిచ్చావు. అశోక్ ఇప్పుడు అది నమ్మడం లేదు. ఎవడికో పంపి దాస్తున్నావని అనుమానం. నిన్ను ఇక తీసుకురానని అత్తయ్యతో అనేశాడు.

ఈ ఉత్తరం చింపెయ్యకు. మీ నాన్నను తోడు తీసుకుని స్టేషన్‌లో ఇచ్చెయ్యి.

ఇన్నాళ్లూ నువ్వు నోరారా అక్కా అని పిలిచిన,
సాయిలక్ష్మి.

తా.క.: ఆ వీడియో ఇచ్చింది నేను. దీపావళి ముందు ఫోన్‌లో బేరమాడేవాళ్లకు ప్రతి చీరా కట్టి చూపించలేక చస్తున్నప్పుడు, ఒక్కసారి ముఖం పంపితే ఎన్ని చీరలైనా కంప్యూటరే కట్టి చూపిస్తుందని ఒకడు ఫోన్‌లో చెప్పాడు. కమ్మలు బాగున్నాయి, వీడియో తీస్తానుండమని నిన్ను డాబా మీద నిలబెట్టి ముఖం అటూ ఇటూ తిప్పించాను. నువ్వు నవ్వుతూ తిప్పావు. వాడి నంబరు ఈ కాగితం వెనక రాశాను. ఇన్నాళ్లూ ఎందుకు నోరు విప్పలేదంటే, ఆ రోజు నీ తర్వాత డిగ్రీ చదివే నా కూతురు జ్యోతిర్మయిని కూడా అక్కడే నిలబెట్టాను. నేను చెబితే వాడు దానిదీ వదులుతాడేమోనని భయం. దానిది ఇంకా రాలేదు. ఇది రాస్తుండగా ఫోన్ రెండుసార్లు మోగింది. తీసి చూడలేదు.